నా కోలాటం జోడి

కోలాటంలో ఎదురుగా నిలబడే మనిషిని మేము జోడి అంటాం. పాట మొదలయ్యాక ఒకరి కోలలు ఇంకొకరికి తగులుతూ అందరం చుట్టు తిరుగుతాం గానీ, చుట్టు పూర్తయినప్పుడల్లా మళ్లీ ఆ మనిషి ముందుకే వచ్చి నిలబడాలి. నా జోడి సూరత్‌లోని వడోద్‌లో మా పక్క గల్లీలో ఉండేది. నాకంటే కాస్త పెద్దది. పొట్టి మనిషి. కొంగు నడుముకు బిగించి దోపిందంటే ఇక ఆమెను ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. నాకు పిల్లలు పుట్టి బడికి పోతున్నా సరే, "ఏందే పిల్లా" అనే పిలిచేది.

మేమంతా జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్ల నుంచి సూరత్ వచ్చినవాళ్లం. మగవాళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తారు. ఆడవాళ్లం ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తాం, వేలాడే దారాలు కత్తిరిస్తాం. పొద్దంతా తల వంచుకుని చేసే పని. మెడ పట్టేస్తుంది. వేళ్లకు అంటిన జిగురు ఎంత రుద్దినా పోదు. సెలవు రోజు సాయంత్రం మాత్రం మా బిల్డింగ్ డాబా మీదికి ఎక్కేవాళ్లం. దాన్ని ఇక్కడ అగాసి అంటారు. ఒకపక్క ఆరేసిన బట్టలు, ఒకపక్క నీళ్ల ట్యాంకులు, మధ్యలో మేము. కోలలు చేతిలోకి రాగానే వంగిన మెడ దానంతట అదే లేచేది.

మాకు పాట చెప్పేది పెద్దమ్మ. సూరత్‌లోనే ఖటోదరాలో ఉంటుంది. ఎవరికీ రక్తసంబంధం లేదు గానీ అందరికీ పెద్దమ్మే. ఆమె భర్త, మా పెద్దబాపు, డోలక్ వాయించేవాడు. జీవితమంతా సాంచెల చప్పుడులో పనిచేసి ఆయనకు వినికిడి బాగా తగ్గిపోయింది. అయినా డోలక్ ముందు కూర్చుంటే ఒక్క దెబ్బ తప్పేది కాదు. పెద్దమ్మ పెదవులు చూసి వాయించేవాడు. అందుకని ఆమె ఎప్పుడూ ఆయన వైపే తిరిగి పాడేది. కొత్తగా చూసేవాళ్లకు, ఈమె మనకు పాడుతోందా, మొగుడికి ఏదైనా చెప్పుకుంటోందా అని అనుమానం వచ్చేది.

బతుకమ్మ పండుగకు మా తెలుగువాళ్ల సంఘం హాలు ముందున్న జాగాలో ఏటా మా కోలాటం ఉండేది. చుట్టుపక్కల మైదానాల నుంచి గర్బా పాటలు మైకుల్లో హోరెత్తుతుంటే, వాటి మధ్య పెద్దమ్మ గొంతు ఎక్కడా తొణక్కుండా నడిచేది.

తరువాత కరోనా వచ్చింది.

మొదట సాంచెలు ఆగిపోయాయి. సూరత్‌కు వచ్చినప్పటి నుంచి ఆ చప్పుడు లేని రోజు నేను ఎరగను. ఆ నిశ్శబ్దంలో పక్కింట్లో గిన్నె పెట్టిన చప్పుడు కూడా వినిపించేది. పిల్లలు గట్టిగా మాట్లాడటం మానేశారు. కొన్నాళ్లకు మా గల్లీలో ఒకరికి జబ్బు తేలడంతో గల్లీ మొదట్లో రేకులు నిలబెట్టి దారి మూసేశారు. పాలూ కూరగాయలూ ఆ రేకుల మీదుగానే లోపలికి అందేవి.

ఒకరోజు పొద్దున నా జోడి ఫోన్ చేసింది.

"పిల్లా, ఊరికి పోతున్నమే. మనోళ్లు కొందరు కలిసి పర్మిషన్ తీసుకొని బస్సు మాట్లాడిండ్రు. మా అత్త ఒక్కతే ఉన్నది అక్కడ, రోజూ ఏడుస్తున్నది. రేకుల కాడికి రా, జర చూసిపోత."

పరుగెత్తాను. రేకులు మనిషికంటే ఎత్తు. రెండు రేకులు కలిసే చోట చిన్న సందు ఉంటే అందులోంచి చూశాను. ఆమె తల మీద మూట, మూతికి కట్టుకున్న కొంగు, పక్కన ఇద్దరు పిల్లలు, బ్యాగులు మోస్తూ భర్త. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మల్ల ఎప్పుడొస్తవక్కా?"

"సాంచెలు షురూ కాంగనే వస్తం. పండుగకు ఉంట నేను. నా జాగల ఇంకెవ్వరినన్న నిలవెట్టినవో, చెప్తున్న, ఊకోను."

నవ్వుదామనుకున్నాను గానీ రాలేదు. ఆమె అరచేత్తో రేకు మీద కొట్టింది. మేము ఎప్పుడూ మొదట ఆడే కోపు, అంటే అడుగుల వరుస, దాని దరువు అది. నేను ఇటు నుంచి జవాబు కొట్టాను. రేకు కాబట్టి గల్లీ అంతా మోగింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఎక్కడి నుంచో పోలీసు ఒకాయన లాఠీ ఊపుతూ వచ్చి, "క్యా హో రహా హై? చలో, చలో!" అన్నాడు. ఆమె మూట సరిచేసుకుని నడిచింది. సందులోంచి కనిపించినంత దూరం చూశాను.

ఆ తరువాత ఫోన్లే. ఖాళీ చేతులతో కూర్చోలేక, వీడియోలో కోలాటం సాధన చేద్దామని ఎవరో అన్నారు. పెద్దమ్మ తన గదిలోంచి పాడింది, పెద్దబాపు వాయించాడు, మేము ఎవరి ఇంట్లో వాళ్లం కోలలు పట్టుకుని నిలబడ్డాం. పాట ఒక్కొక్కరికి ఒక్కో క్షణం ఆలస్యంగా చేరేది. నేను కోల చాపేసరికి ఊళ్లో ఉన్న నా జోడి ఇంకా వెనకడుగులోనే ఉండేది. ఆమె చాపేసరికి నేను తిరిగిపోయేదాన్ని. గాలిని కొట్టి కొట్టి అందరికీ విసుగొచ్చింది. పెద్దబాపు ఫోనుకు దగ్గరగా మొహం పెట్టి, "బిడ్డా, మీరేమంటున్నరో తెలుస్తలేదు, ఎవ్వల పెదవులూ కనవడ్తలేవు, బొమ్మలు ఆగి ఆగి వస్తున్నయి" అని డోలక్ పక్కన పెట్టేశాడు. ఆయన మాట నేను విన్నది అదే ఆఖరు.

రెండో ఏడాది ఎండాకాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. అంబులెన్స్‌లో తీసుకుపోయారు. పెద్దమ్మను ఎక్కనివ్వలేదు. వినపడని మనిషిని, మూతులకు మాస్కులు కట్టుకున్న మనుషుల మధ్యకు పంపాల్సి వచ్చిందే అని ఆమె బాధ. "ఎవ్వలేం చెప్తున్నరో ఆయనకేం తెలుస్తది బిడ్డా" అని ఫోన్లో అదే మాట మళ్లీ మళ్లీ అనేది. ఆయన తిరిగి రాలేదు. మొహం కూడా చూపించలేదు. మేము ఒక్కరం కూడా పోలేకపోయాం. ఎవరి ఇళ్లలో వాళ్లం ఏడ్చాం.

ఆ తరువాత పెద్దమ్మ పాడటం మానేసింది.

సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. ఊళ్లకు పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. నా జోడి భర్త కూడా వచ్చాడు, కానీ ఒక్కడే. ఊరి బయట హైవే మీదున్న కడోదరాలో ఒక మిల్లులో చేరి, తోటి మగవాళ్లతో కలిసి గదిలో ఉన్నాడు. ఆమె పిల్లలను ఊరి బళ్లో వేసి, అత్తను చూసుకుంటూ బీడీలు చుట్టుకుంటోంది. "ఈ ఏడు గడవనియ్యే, వస్త" అనేది ఫోన్లో. ఆ ఏడు గడిచాక ఆ మాట అనడం కూడా మానేసింది. నేనూ అడగడం మానేశాను. అడిగితే లేదంటుందేమోనని.

మేము అగాసి మీద మళ్లీ కలిశాం. పాట లేదు కాబట్టి ఫోన్లో ఏదో పాట పెట్టుకుని అడుగులు వేసేవాళ్లం. నా ఎదుట కొత్తగా ఒక అమ్మాయి నిలబడింది. కాలేజీలో చదువుతుంది, సూరత్‌లోనే పుట్టింది. చురుకైన పిల్ల, పొడవు కూడా. నా కోల ఎప్పుడూ కిందికే పోయేది. "ఆంటీ, జర ఊపర్! ఇత్నా నీచే ఎవరిని కొడుతున్నరు?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వచ్చాక అన్నం సయించేది కాదు.

అలా ఉండగా సంఘంవాళ్లు కబురు పెట్టారు. ఈసారి బతుకమ్మను మళ్లీ హాలు ముందే ఘనంగా చేస్తున్నాం, మీ కోలాటం ఉండాలి అని. అందరం కలిసి ఖటోదరా పోయాం. పెద్దమ్మ గదిలో డోలక్ ఒక మూలన గోడకు ఆనించి ఉంది, దాని మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. ఎవరం అటు చూడలేదు.

"పాడు పెద్దమ్మా" అన్నాను.

"నాతోని కాదు బిడ్డా."

"గొంతు పోయిందా?"

"గొంతుకేమైంది, ఉన్నది. ఎవల దిక్కు చూసి పాడాలె?"

చాయ్ తాగి లేవబోతుంటే నాకు ఏం తోచిందో, నా జోడికి వీడియో కాల్ చేసి ఫోను పెద్దమ్మ చేతిలో పెట్టాను. అటు నా జోడి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముందు ఏడ్చారు. పెద్దబాపు పోయాక వాళ్లు మొహాలు చూసుకోవడం అదే మొదలు. తరువాత నా జోడి కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఏందట పెద్దమ్మా, పాడవంట?"

"నీకెవరు చెప్పిండ్రే?"

"ఎవరన్న చెప్పాల్నా? గా పిల్ల మొకం చూస్తెనే తెలుస్తున్నది. సరే, నేనొస్త. నా దిక్కు చూసి పాడు."

"నువ్వు ఆడుకుంట చుట్టు తిరుగుతుంటవ్. నీ దిక్కెట్ల చూసుడు?"

"నేనెటు పోతే అటు చూడు. మెడ తిప్పలేవా ఏంది?"

పెద్దమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో. అక్కడే గొంతు సవరించుకుని, పాడలేదు గానీ, సన్నగా రాగం తీసింది. బయట సాంచెల చప్పుడులో అది పక్కనున్న మాకే వినిపించింది.

నా జోడి పండుగకు ముందు రోజు వచ్చింది. కడోదరా హైవే మీద ఊరి బస్సు దిగుతుంటే నేను గుర్తుపట్టలేదు. చిన్న ఫోన్లో తెలియలేదు గానీ బాగా సన్నబడింది. చెంపల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆమే నన్ను చూసి, "ఏందే పిల్లా, గట్ల చూస్తున్నవ్? నేనే" అంది. ఎదురుపడితే ఎన్నో చెప్పాలనుకున్నాను. ఆమె బ్యాగు లాక్కుని, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాను.

ఆ మధ్యాహ్నమే అగాసి మీద సాధన. డోలక్ ఎవరు వాయించాలన్న ప్రశ్న వచ్చింది. మా కింది అంతస్తులో ఒక గుజరాతీ కుర్రవాడు గర్బాలకు డోలక్ కొడతాడు. అడగగానే సంతోషంగా వచ్చాడు. "కాకీ, ఆప్ గావో, మై పకడ్ లూంగా" అని, పాడితే తాను అందుకుంటానన్నాడు పెద్దమ్మతో. పెద్దమ్మ మొదలుపెట్టింది. అతను పట్టుకున్నాడు. కాసేపటికి మా అడుగులు మాకు తెలియకుండానే గర్బాలోకి జారిపోయాయి. కాలేజీ అమ్మాయి అయితే చప్పట్లు కొట్టేసి గిర్రున తిరిగింది. అందరం పడీపడీ నవ్వాం. పెద్దమ్మ మాత్రం పాట ఆపేసింది.

"మంచిగనే కొడుతున్నడు పిలగాడు. గని అది మనది కాదు" అని, అతని వైపు తిరిగి, "బేటా, బురా మత్ మాన్" అని, ఏమీ అనుకోవద్దంది. అతను ఆమె కాళ్లకు దండం పెట్టి, "కల్ దేఖ్‌నే ఆవుంగా, కాకీ" అని, మరునాటి ఆట చూడటానికి వస్తానన్నాడు.

"డోలక్ వద్దు. కోలలున్నయి కద" అంది పెద్దమ్మ.

నా జోడి నా ఎదుట వచ్చి నిలబడింది. కాలేజీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే పక్కకు జరిగి, ఇంకొకరి ముందుకు పోయింది. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. మొదటి చుట్టులోనే నా కోల ఆమె వేళ్ల మీద పడింది. రెండో చుట్టులో ఆమె కోల నా మణికట్టు మీద. ఇన్నాళ్లు కొత్త అమ్మాయితో ఆడి నా చెయ్యి ఎత్తుకు అలవాటు పడింది. ఆమె చెయ్యి అసలు ఆటే మరిచింది. "తుడుచుకపోయిందే అంతా" అని ఆమె పిట్టగోడ మీద కూర్చుండిపోయింది. ఊపిరి ఆడటం లేదు. ఊళ్లో ఆమెకూ జ్వరం వచ్చి పోయిందట. మాకు చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏం చేద్దువు, రేకులు దూకి వద్దువా?"

నీళ్లు తాగి మళ్లీ లేచింది. ఆ రోజు పొద్దుగూకేదాకా ఆడాం. మెల్లగా, చిన్నపిల్లలకు నేర్పినట్టు, మొదటి కోపు నుంచి. చివరికి ఎప్పుడు కుదిరిందో చెప్పలేను. వేళ్లకు దెబ్బలు తగలడం ఆగిపోయింది, అంతే.

మరునాడు సాయంత్రం హాలు ముందు జాగా నిండిపోయింది. మధ్యలో బతుకమ్మలు పేర్చి పెట్టారు. చాలామంది ఒకరినొకరు చూడక ఏళ్లయింది. కొందరు కౌగిలించుకుంటున్నారు, కొందరు పోయినవాళ్ల పేర్లు చెప్పి ఏడుస్తున్నారు. అలాంటి పండుగ నేనెప్పుడూ చూడలేదు. మా వంతు రాగానే పెద్దమ్మ మైకు ముందు నిలబడింది. అలవాటు ప్రకారం కుడివైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. పాట మొదలుకాలేదు.

నా జోడి ఉన్నచోటి నుంచే కోల ఎత్తి చూపింది. "పెద్దమ్మా, ఇటు!"

పెద్దమ్మ ఇటు తిరిగింది, పాట ఎత్తుకుంది. మునుపటి గొంతు కాదు. కాస్త బొంగురు, కాస్త కింది శ్రుతి. కానీ మాట మాట స్పష్టంగా వినిపించింది. డోలక్ లేకపోవడంతో తాళం మొత్తం మా కోలల మీదే పడింది. ఒక్కరు తప్పినా తెలిసిపోతుంది. ఎవరం తప్పలేదు. మేము చుట్టు తిరుగుతుంటే పెద్దమ్మ తల నా జోడితో పాటే తిరిగింది. నేను నా జోడి ముందుకు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చూపు నా మీద కూడా పడేది. పెద్దబాపు ఇన్నేళ్లూ చూసింది ఈ మొహాన్నేనా అనిపించింది. పాడుతున్నంతసేపు ఆమె మొహం ఎంత బాగుంటుందో మాకెవరికీ తెలియదు. మేమెప్పుడూ ఆమెను పక్కనుంచే చూశాం.

చివరి చుట్టులో పాట వేగం పెరిగింది. నా జోడి మునుపటిలాగే నవ్వుతోంది, కొంగు జారిపోయినా పట్టించుకోవడం లేదు. ఇది ఆగకూడదని కోరుకున్నాను. దేవుణ్ని కూడా అంత గట్టిగా ఏదీ అడిగిన గుర్తు లేదు నాకు. కానీ పాట అయిపోయింది. మా కింది అంతస్తు కుర్రవాడు అందరికంటే ముందు ఈల వేశాడు.

పెద్దమ్మ మైకు దగ్గర నుంచి నేరుగా వచ్చి నా జోడిని పట్టుకుంది. ఇద్దరూ ఏడవలేదు. "మెడ నొస్తున్నదే, ఎంత తిప్పినవే" అంది పెద్దమ్మ.

రెండు రోజులకు నా జోడిని బస్సెక్కించడానికి మళ్లీ కడోదరా పోయాను. ఆమె భర్త మిల్లు నుంచి కాసేపు అనుమతి తీసుకుని వచ్చి, సీటు వెతికి బ్యాగు పెట్టి, మమ్మల్ని వదిలి దూరంగా నిలబడ్డాడు. లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. అన్నాళ్లు అడగనిది అప్పుడు అడిగాను.

"మల్ల ఇక్కడికి వస్తరా అక్కా? ఉండెటందుకు?"

"లేదే. బిడ్డ పదో తరగతికి వస్తున్నది. అత్తకు నడుము లేస్తలేదు. ఈయన కూడా ఇంకో ఏడు చేసి వచ్చేస్తనంటున్నడు. నాకు గూడ అక్కడ నిమ్మలమైందే."

"మరి నేను?"

అలా ఎందుకన్నానో తెలియదు. చిన్నపిల్ల మాట. ఆమె నా బుగ్గ మీద చెయ్యి పెట్టింది. బీడీ ఆకులు కత్తిరించి కత్తిరించి వేళ్ల కొసలు గరుకుగా ఉన్నాయి.

"నువ్వు ఆడు. ఆ పొడుగు పిల్ల మంచిగ ఆడుతది, నేను చూసిన" అంది.

బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది. వంతెన దాకా చూసి, షేర్ ఆటో ఎక్కి వడోద్ వచ్చాను. దారిలో పక్కన కూర్చున్న ఆవిడ ఎందుకు ఏడుస్తున్నావని గుజరాతీలో అడిగింది. దుమ్ము పడిందన్నాను.

మా సాధన ఆగలేదు. పెద్దమ్మ ఇప్పుడు కళ్లు మూసుకుని పాడుతుంది. కాలేజీ అమ్మాయి నా జోడి. మాకు దెబ్బలు తగలవు. బాగా ఆడుతున్నారని అందరూ అంటారు, నిజమే. అయినా చుట్టు పూర్తయి తలెత్తే ఆ ఒక్క క్షణంలో నా కళ్లు వెతికే మొహం వేరు.

మొన్న మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. అక్కడ ఎవరితోనైనా ఆడుతున్నావా అని అడిగాను.

"ఎవలకున్నదే తీరిక? అందరి ఒళ్లల్ల చాటలే. బీడీలు చుట్టంగ పెద్దమ్మ పాట నోట్లెకు వస్తది. చేతులు ఖాళీ ఉండవు. కాళ్లు మాత్రం ఊకుంటలేవు, వాటంతటవే ఆడుతయి. మా అత్త తిడుతది."

"నావి కూడ అంతే" అన్నాను.

ఫోను పెట్టేశాక చూస్తే, ఒళ్లో చీర మీద వేసిన జిగురు ఆరిపోయింది. రాయి అంటుకోలేదు. దాన్ని గోరుతో గీకి, మళ్లీ జిగురు వేశాను.